ఫెర్మా నమ్మిక - ఆయిలర్ భాగహారము

నాలుగు వందల ఇరువది తొమ్మిది కోట్ల నలుబది తొమ్మిది లక్షల అరువది ఏడు వేల రెండు వందల తొంబది ఏడు. అంకెలలో 429,49,67,297. పైకి చూచుటకు ఈ సంఖ్యలో విశేషమేమియు కానరాదు. అయినను గణితశాస్త్ర చరిత్రలో ఒక మహామేధావి మాట వీగిపోయినది దీనివద్దనే.

2 యొక్క 1, 2, 4, 8, 16వ ఘాతములకు ఒక్కొక్కటి చేర్చినచో వరుసగా 3, 5, 17, 257, 65,537 వచ్చును. ఈ ఐదును ప్రధాన సంఖ్యలే. ఫ్రాన్సు దేశమున తులూజ్ నగరములో న్యాయాధికారిగా నుండి, తీరిక వేళలలో గణితమును సాధన చేసిన పియర్ ద ఫెర్మా ఈ వరుసను చూచి ముగ్ధుడైనాడు. ఘాతాంకమును రెట్టించుచు ఎంతదూరము పోయినను ప్రధాన సంఖ్యలే వచ్చునని 1640లో లేఖలు వ్రాసినాడు. తనకు పూర్తి నిరూపణ దొరకలేదని ఒప్పుకొన్నాడు గాని, నమ్మిక మాత్రము విడువలేదు. ఘాతాంకము 32 అయినపుడు వచ్చునదే పై సంఖ్య.

1729లో గోల్డ్‌బాక్ ఈ విషయమును లేఖ ద్వారా ఆయిలర్ దృష్టికి తెచ్చినాడు. సెంట్ పీటర్స్‌బర్గ్ విద్వత్పరిషత్తులో నున్న ఆ యువకుడు 1732లో సమాధానము చెప్పినాడు: 641ని 67,00,417తో గుణించినచో ఆ సంఖ్యయే వచ్చును!

641 ఎట్లు దొరికినది? గ్రుడ్డిగా వెదకువాడు 65,536 లోపల నున్న 6,542 ప్రధాన సంఖ్యలతోను భాగించి చూడవలసి రావచ్చును. కాని ఈ సంఖ్యకు ప్రధాన భాజకమేదైన నున్నచో అది 64 యొక్క గుణిజమునకు ఒకటి చేర్చినదే కావలెనని ఆయిలర్ తరువాతి వ్యాసములో నిరూపించినాడు. అట్టి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదవ భాగహారముతో పని ముగిసినది. చిత్రమేమనగా, ఈ నియమమునకు మూలమైన సిద్ధాంతమును 1640లోనే ప్రకటించినవాడు ఫెర్మాయే. దీపము తనచేతనే యున్నది. ఆ మూలకు మాత్రము పట్టలేదు.

పెద్ద భాగహారము చేయకయే విద్యార్థులు దీనిని సరిచూడవచ్చును. 5 × 2⁷ = 640; ఇది 641 కంటె ఒకటి తక్కువ. కనుక దీని నాలుగవ ఘాతమును 641చే భాగించినచో శేషము 1. అనగా 5⁴ × 2²⁸ − 1 అనునది 641చే నిశ్శేషముగా భాగింపబడును. మరియొక వైపున 641 = 625 + 16, అనగా 5⁴ + 2⁴. దీనిని 2²⁸తో గుణింపగా వచ్చు 5⁴ × 2²⁸ + 2³² కూడ 641చే భాగింపబడును. ఈ రెండవ దానినుండి మొదటిదానిని తీసివేయగా మిగులునది 2³² + 1. బల్లమీద నాలుగు పంక్తులు చాలును.

ఫెర్మా సంఖ్యలు వ్యర్థము కాలేదు. 17 భుజముల క్రమ బహుభుజిని వృత్తలేఖిని, కొలతలేని బద్ద మాత్రమే వాడి గీయవచ్చునని 1796లో గౌస్ కనుగొన్నది వీటి బలముననే.

మొదటి ఐదు తప్ప ఈ వరుసలో మరియొక ప్రధాన సంఖ్య నేటివరకు దొరకలేదు. ఘాతాంకము 32 మొదలు 429,49,67,296 వరకు గల ఇరువది యెనిమిదియు ప్రధాన సంఖ్యలు కావని తేలినది. దాని తరువాతి సంఖ్యకు 258 కోట్లకు పైగా అంకెలు కలవు. అది ప్రధానమో కాదో ఇంకను నిర్ణయము కాలేదు.