ఆటల కంప్యూటరు: ముందు దేనికి సొమ్ము పెట్టవలెను?



బేరమాడి సరకు తెచ్చుటయందు మన స్త్రీలకు గల నేర్పు లోకమెఱిగినదే. పట్టుచీర అంచును వ్రేళ్ళతో నలిపి జరీ మంచిచెడ్డలు చెప్పగలరు. ఇత్తడి బిందెను మీటి దాని మందము చెప్పగలరు. అట్టివారును, కుమారుడో కుమార్తెయో “అమ్మా, నాకు గేమింగు కంప్యూటరు కావలెను” అని యడిగినప్పుడు మాత్రము, చేతి సంచిని పిల్లల కప్పగించి అంగడి గుమ్మమున నిలుచుందురు. ఇది తగదని మా యభిప్రాయము. చీటీ పాడి తెచ్చిన 80,000 రూపాయలలో దేనికెంత పోవుచున్నదో ఇల్లాలికి తెలిసియుండవలదా?

ఆటలు పిల్లలకు మంచివా, చెడ్డవా యను చర్చకు మేమిప్పుడు దిగము. కాని యొక మాట చెప్పక పోజాలము. కుమారుడు కోరినదానిని ముచ్చట యనియు, కుమార్తె కోరిన దానినే దుబారా యనియు పలుకు పెద్దలు నేటికిని గలరు. ఆటలకు పనికివచ్చు యంత్రమే బొమ్మలు గీయుటకును, వీడియోలు కూర్చుటకును, బ్లెండరు వంటి సాధనములతో రూపములు కల్పించుటకును అక్కఱకు వచ్చును. కావున దానిముందు కూర్చుండుటకు ఆడుపిల్లకును వంతు ఉండునట్లు కొనకముందే యేర్పాటు చేయుడు.

అంగడిలో విడివిడిగా భాగములను కొని కూర్పించుకొను యంత్రమును అసెంబుల్డు కంప్యూటరందురు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, ర్యాము, ఎస్‌ఎస్‌డీ, ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్టు, మానిటరు ఇందు ముఖ్యములు. అన్నింటను మేలైనదే కొనగల సంపన్నులకు ఈ వ్యాసముతో పనిలేదు. సొమ్ము ఇంతే యని గీత గీసికొన్నవారికే ఇది.

మేమెఱిగిన యొక కుటుంబమువారు 2023లో కుమారునికి ఇంటరులో మంచి మార్కులు వచ్చినవని ఇట్టి యంత్రమును కొనిరి. వర్తకుడు మొదట చూపినది అద్దాల క్యాబినెట్టు. అందులో రంగులు మార్చు పంకాలు! పిల్లవాని కన్నులు అక్కడనే చిక్కుకొన్నవి. పిదప పేరు గొప్పదగు ప్రాసెసరు, పెద్ద మదర్‌బోర్డు కొనిరి. తీరా గ్రాఫిక్స్ కార్డు వంతు వచ్చునప్పటికి సంచి తేలికయ్యెను, చిన్నకార్డుతో సరిపెట్టిరి. ఎస్‌ఎంపీఎస్ కేవలము క్యాబినెట్టుతోపాటు ఊరక వచ్చినదే. మొదటి రాత్రియే ఆటలో బొమ్మ తడబడసాగెను. మఱుసటి వేసవిలో కరెంటు పోయివచ్చిన యొక మధ్యాహ్నము ఎస్‌ఎంపీఎస్ కాలి, తనతో మదర్‌బోర్డును గూడ తీసికొనిపోయెను. బిల్లు లేదు గనుక గ్యారంటీయు లేదు. రంగుల పంకాలకు మాత్రము ఏ హానియు కలుగలేదట!

ఆ తల్లి చేసిన వ్యయము తక్కువదేమియు కాదు. వ్యయమున వరుస తప్పినది, అంతే.

ఆ వరుస యెట్టిదో తెలియుటకు పెండ్లివంటను తలచుకొనుడు. కూరలు తరిగి, పప్పు కడిగి యందించువాడొకడు. గాడిపొయ్యి దగ్గర నిలిచి వండువాడొకడు. కంప్యూటరులో ప్రాసెసరు తరిగి యందించువాడు, గ్రాఫిక్స్ కార్డు వండువాడు. ఆటలో ఎవడెక్కడ నున్నాడు, బంతి యెటు పోవును అను లెక్కలు ప్రాసెసరు కట్టును. ఆ లెక్కలనుబట్టి తెరమీది చుక్కలకెల్ల రంగు వేయుట కార్డు పని. తరుగువాడు పదిమంది పని చేయగలవాడైనను, పొయ్యి యొక్కటే యైనచో అన్నము త్వరగా దిగదు. పొయ్యిలు పది యున్నను తరిగినది లేనిచో అవి వట్టినే మండుచుండును.

చుక్కలెన్నియో లెక్కించిన కార్డు పని యెంతటిదో తెలియును. 1080పీ యను సామాన్యమగు తెరలో అడ్డముగా 1,920, నిలువుగా 1,080, వెరసి 20,73,600 చుక్కలు. 1440పీ తెరలో 36,86,400. 4కె తెరలో 82,94,400, అనగా మొదటిదానికి సరిగా నాలుగింతలు. వీనినన్నిటిని సెకనుకు 60 మాఱులు క్రొత్తగా చిత్రింపవలెను. కావున 4కె మానిటరు చవుకగా వచ్చినదని మురిసి కొన్నచో, దానిని నడుపుటకు తగిన కార్డును కొనుటకు మఱియొక చీటీ పాడవలసి వచ్చును. మేము చెప్పునదేమనగా, 80,000 లోపల యంత్రమునకు 1080పీ తెరయే చాలును.

మానిటరునకు హెర్ట్జులను మఱియొక లెక్క గలదు. 60 హెర్ట్జుల తెర సెకనుకు 60 మాఱులు, 144 హెర్ట్జులది 144 మాఱులు బొమ్మను మార్చును. పంక్తిలో ఆకుమీదిది తినకమునుపే మరల మరల వడ్డించినచో ఏమగును? 60 హెర్ట్జుల తెరకు కార్డు సెకనుకు 150 బొమ్మలు పంపిన ఫలమును దాదాపు అంతియే.

అంగడికి పోకమునుపు పిల్లలను ఒక ప్రశ్న యడుగుడు: “నీవాడు ఆట యేది?” వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటివి చురుకుదనపు పందెములు. వీనిలో బొమ్మ అందముకంటె వేగము ముఖ్యము. సెకనుకు 144 బొమ్మలు, అంతకు మించియు కోరుదురు. ఇచ్చట ప్రాసెసరుపై బరువు హెచ్చు. మధ్యరకపు కార్డు చాలును. సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3 వంటివి కథాప్రధానములు. వీథులు, వాన, నీడలు, దీపకాంతులు అన్నియు చిత్రింపవలెను గనుక కార్డుపై బరువు హెచ్చు. అన్ని యాటలును ఆడుదునన్న పిల్లవానికి కార్డే ముందు.

మా లెక్క యిది. 80,000లో మానిటరునకు 10,000 తీసి ప్రక్కన పెట్టుడు. మిగిలిన 70,000లో ఇంచుమించు 28,000, అనగా నూటికి నలువది వంతులు, గ్రాఫిక్స్ కార్డునకే యుంచుడు. పందెపు టాటలే ఆడువారు దానిని నూటికి ముప్పదికి దించి, ఆ మిగులును ప్రాసెసరునకు మరల్పవచ్చును. వర్తకుడు ఎంత తీయగా మాటలాడినను ఈ సొమ్మునుండి అద్దాల పెట్టెకు ఒక్క రూపాయియు పోనీయకుడు.

కార్డును కొనునప్పుడు పేరు మాత్రమే చూచుట ప్రమాదము. 2025లో విడుదలయిన ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ యను కార్డులు రెండును ఒకే పేరుతో 8 జీబీ మెమరీ గలవిగాను, 16 జీబీ గలవిగాను వచ్చినవి. పెట్టెమీది చిన్న అంకె చూడనివారికి రెండును ఒక్కటే. క్రొత్త యాటలు పెక్కు 8 జీబీని నిండించివేయుచున్నవి గనుక నాలుగేండ్లు నిలువవలెనన్న, సొమ్ము చాలినంతవఱకు హెచ్చు మెమరీ గలదే మేలు. వాడిన కార్డులును చవుకగా దొరకును. 2022 సెప్టెంబరు వఱకు ఈథీరియమను నాణెమును త్రవ్వుటకై రేయింబవళ్ళు నడిపిన కార్డులు పెక్కు తరువాత అంగళ్ళకు వచ్చినవి. గ్యారంటీ మిగిలియుండి, కన్నులయెదుట గంటసేపు ఆట ఆడించి చూపిననే తప్ప వానిని ముట్టకుడు.

ప్రాసెసరు విషయమున ఐ7 యను మంత్రమునకు లోబడుట మన యూళ్ళలో తఱచుగా చూచుచున్నాము. “ఐ7 కంప్యూటరు, పదునైదు వేలే” యని ప్రకటనలు! ఏ యేటి ఐ7? 2011లో వచ్చిన ఐ7-2600లో నాలుగు కోర్లు; 2022లో వచ్చిన ఐ3-12100లోను నాలుగే. కాని పేరునకు చిన్నదైన ఈ రెండవదే మిక్కిలి వేగము గలది. పైగా ఆ పాత ప్రాసెసరును విండోస్ 11 అంగీకరించు జాబితాలో చేర్చలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్టువారి సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఆరు కోర్ల క్రొత్త తరము ప్రాసెసరు ఈ సొమ్మునకు చాలును.

మదర్‌బోర్డు నిరాడంబరమైనదిగా నున్నను, ముందు ముందు ప్రాసెసరు మార్చుకొను వీలు గలదియో కాదో అడుగుడు. ఏఎండీవారి ఏఎం4 బోర్డులను 2017లో కొన్నవారు పెక్కుమంది, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ ప్రాసెసరును ఆ పాత బోర్డులోనే అమర్చుకొని లాభించిరి.

ర్యాము 16 జీబీ కావలెను. ఒక్క 16 జీబీ పలకకంటె రెండు 8 జీబీ పలకలు మేలు. రెండు దారుల రాకపోకలు సాగును గనుక వేగము పెరుగును. 2025 చివరి నెలలలో కృత్రిమమేధకై కట్టు డేటా కేంద్రములు మెమరీని విరివిగా కొనుటచే ర్యాము ధరలు ఒక్కమాఱుగా ఎగసినవి. కావున పిల్లలు వీడియోలలో చూచిన పాతధరలను నమ్మి లెక్క కట్టకుడు. ఎస్‌ఎస్‌డీ 1 టీబీ యుండుట సుఖము; బాల్డర్స్ గేట్ 3 ఒక్కటియే 150 జీబీ చోటు కోరును.

ఇక ఎస్‌ఎంపీఎస్. గోడనుండి వచ్చు 230 వోల్టుల కరెంటును యంత్రమునకు తగినట్లు మార్చి, ప్రతి భాగమునకును పంచునది ఇదియే. ఇది యాటలో ఒక్క బొమ్మనైనను పెంచదు. అందుచేతనే పిల్లలకు దీనిపై మనసు పోదు. వర్తకునికిని దీనిలో కోత వేయుట సులభము. ఇల్లాలు పట్టుపట్టవలసిన చోటు ఇదే. ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 145 వాట్లు కోరును. ప్రాసెసరు, ఇతరములు కలిపినను మూడువందల వాట్లకు అటునిటు. పేరుగల సంస్థవారి 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ దీనికి నిండుగా చాలును. నాలుగైదు వేలు దీనికై తీసియుంచుడు. 80 ప్లస్ అను ముద్ర చూపి “ఇంక భయము లేదు” అందురు. 2004లో ఆరంభమైన ఆ ముద్ర విద్యుత్తు ఎంత వృథా కాదో చెప్పునుగాని, వోల్టేజి ఎగిరినప్పుడు కాపాడునో లేదో చెప్పదు. ఆ రక్షణలు గలవా, గ్యారంటీ యెన్ని యేండ్లు అని విడిగా అడుగుడు. ఇంటిలో మూడుపుల్లల ప్లగ్గునకు ఎర్తింగు సరిగానున్నదో లేదో ఎలక్ట్రీషియనుచే ముందే చూపింపుడు.

యూపీఎస్ కొనువారు దాని వీయే అంకెను వాట్లుగా భ్రమింతురు. 600 వీయే యని వ్రాసినది సామాన్యముగా 360 వాట్లే మోయును. యంత్రమును మానిటరును కలిపి లెక్కించి, ఇంక కొంత మిగులునట్లు చూచుకొనుడు.

క్యాబినెట్టును గూర్చి మన దేశపు ఎండలనుబట్టి చెప్పవలెను. రెంటచింతలలోనో రామగుండములోనో మే నెలలో గది 40 డిగ్రీలున్నచో, పంకా గాలి యెంత వీచినను లోపలి భాగములు అంతకంటె చల్లబడజాలవు. ముందు భాగమంతయు అద్దముతో మూసిన పెట్టె చూచుటకు అద్దాలమేడ, లోపల కొలిమి. ముందు జాలీ యుండి, గాలి లోనికి వచ్చి వెనుకనుండి పోవు పెట్టె కొనుడు. దుమ్మును ఆపు వల తీసి కడుగునట్టిదైన మఱియు మంచిది. నెలకొక పర్యాయము దానిని కడుగు పని ఆడుకొను పిల్లలదే కావలెను.

సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట అంగళ్ళు ప్రక్కప్రక్కనే యుండును. ఒకే జాబితాను కనీసము మూడంగళ్ళలో చూపి, ప్రతి వస్తువు పూర్తి నంబరుతో వెల వ్రాయించుకొనుడు. “అన్నియు కలిపి ఇంత” యను మాటకు ఒప్పుకొనకుడు. కోత దాగునది ఆ కలిపిన మొత్తములోనే. పన్నుతో కూడిన బిల్లు లేకుండ కొంత తగ్గింతుమన్నచో నిరాకరింపుడు. గ్రాఫిక్స్ కార్డునకు సాధారణముగా మూడేండ్ల గ్యారంటీ యుండును. దానిని ఆ తగ్గింపునకు అమ్ముకొనుట గిట్టుబాటు కాదు.

యంత్రము ఇంటికి వచ్చిన సాయంత్రము రెండు సంగతులు చూడుడు. మానిటరు తీగను మదర్‌బోర్డునకు గాక గ్రాఫిక్స్ కార్డునకు తగిలించిరా? లేనిచో 28,000 రూపాయల కార్డు పని లేక కూర్చుండును. విండోస్ అమరికలలో తెర 144 హెర్ట్జులకు మార్చిరా? 144 హెర్ట్జుల తెరలు గూడ తఱచు 60 వద్దనే నిలిచిపోవును. తరువాత పిల్లలచే రెండు గంటలు ఎడతెగక ఆడింపుడు. ఆగిపోయినను, కమరువాసన వచ్చినను మఱునాడే అంగడికి తీసికొనిపోవుడు. ఖాళీ పెట్టెలను పాతకాగితములవానికి వేయక అటకమీద నుంచుడు. గ్యారంటీ కోరునప్పుడు అడుగు క్రమసంఖ్య వానిపైనను ఉండును.