ఎవరి నంబరు ఎంత? ఆట ఎవరింట?

కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అమ్మాయిలు సొంత కోర్టులో వరసగా 59 ఆటలు గెలిచి ఉన్నారు. 1998 మార్చి 14న వాళ్ల మీద ఆడటానికి అమెరికా ఆ చివరి నుంచి హార్వర్డ్ అమ్మాయిలు వచ్చారు. పట్టికలో స్టాన్‌ఫర్డ్ పేరు పక్కన 1, హార్వర్డ్ పేరు పక్కన 16. కాలేజీ బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నీ చరిత్రలో అప్పటిదాకా 16 మీద 1 ఓడింది లేదు, మగపిల్లల టోర్నీలోనూ లేదు. ఆ రాత్రి హార్వర్డ్ 71-67తో గెలిచింది. ఆ సీజన్‌లో దేశం మొత్తం మీద సగటున ఎక్కువ పాయింట్లు కొట్టిన అలిసన్ ఫీస్టర్ ఒక్కతే 35 పాయింట్లు సాధించి, 13 రీబౌండ్లు అందుకుంది. మగవాళ్ల టోర్నీలో ఇలాంటిది చూడటానికి ఇంకో 20 ఏళ్లు పట్టింది. 2018లో బాల్టిమోర్ కౌంటీ మేరీలాండ్ యూనివర్సిటీ వర్జీనియాను ఓడించింది. అమ్మాయిల టోర్నీలో మాత్రం 2025 దాకా హార్వర్డ్‌ది ఒక్కటే.

ఇంతకీ ఆ 16 అనే అంకె హార్వర్డ్‌కు ఎవరు తగిలించారు? ఆ ఆట స్టాన్‌ఫర్డ్ ఇంట్లోనే ఎందుకు జరిగింది? ఈ టోర్నీ వింతలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి.

విత్తనం, నాగటి చాలు

మన ఊళ్లలో కబడ్డీ పోటీ పెడితే పేర్లు చీటీల మీద రాసి, మడిచి, ఎవరో చిన్నపిల్లాడి చేత తీయిస్తాం. అదృష్టం బాగాలేకపోతే రెండు గొప్ప జట్లు మొదటి రోజే ఢీకొంటాయి, ఫైనల్ చప్పగా ముగుస్తుంది. దీన్ని తప్పించడానికి టెన్నిస్ వాళ్లు కనిపెట్టిన ఉపాయమే సీడింగ్. సీడ్ అంటే విత్తనమే. మంచి విత్తనాలను ఒకేచోట కుప్పపోయకుండా పొలమంతా ఎడంగా వేసినట్టు, బలమైన జట్లను పట్టికలో దూరదూరంగా నాటుతారు.

అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని మహిళల టోర్నీలో ఇప్పుడు 68 జట్లు ఆడతాయి. కాన్ఫరెన్స్ అనే ప్రాంతీయ కూటమి విజేతలు నేరుగా వస్తారు. మిగతావాళ్లను సెలక్షన్ కమిటీ ఎంపిక చేస్తుంది. తర్వాత అందరినీ 1 నుంచి 68 దాకా వరసలో నిలబెట్టి, నాలుగు రీజియన్లుగా పంచుతుంది. ప్రతి రీజియన్‌లోనూ 1 నుంచి 16 దాకా సీడ్లుంటాయి. అంటే దేశంలో నలుగురు 1లు, నలుగురు 2లు. నేరుగా వచ్చినవాళ్లలో అడుగున ఉన్న నాలుగు జట్లు, కమిటీ ఎంపిక చేసినవాళ్లలో చివరి నాలుగు జట్లు ముందుగా తమలో తాము ఆడి, ఎనిమిది కాస్తా నాలుగవుతాయి.

పంచే పద్ధతి చూస్తే నాకు అరక గుర్తొస్తుంది. మొదటి నాలుగు జట్లను ఎడమ నుంచి కుడికి వేస్తారు. ఎద్దులు చాలు చివర తిరిగి పక్క చాలులో వెనక్కి వచ్చినట్టు, 5 నుంచి 8 దాకా కుడి నుంచి ఎడమకు వేస్తారు. మళ్లీ 9 నుంచి ఇటు, 13 నుంచి అటు. ఒక రీజియన్‌కు 1, 8, 9, 16 వస్తాయి. ఇంకోదానికి 2, 7, 10, 15. కూడి చూడండి, ఏ రీజియన్‌ది కూడినా 34 వస్తుంది. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ కాకుండా పంచడమంటే ఇదే.

రీజియన్ లోపల ఇంకో అందం ఉంది. మొదటి రౌండ్‌లో 1 మీద 16, 2 మీద 15, 8 మీద 9 ఆడతాయి. ఏ జోడీ కూడినా 17. పెద్ద సీడ్లే గెలుస్తూ పోతే రెండో రౌండ్‌లో ప్రతి జోడీ మొత్తం 9, మూడో రౌండ్‌లో 5, రీజియన్ ఫైనల్‌లో 3. అంకెలు ఇలా నున్నగా జారిపోతాయిగానీ ఆటలు జారవు. 64 జట్ల పట్టికలో 63 ఆటల విజేతలను ముందే చెప్పాలంటే ఎన్ని రకాలుగా నింపవచ్చో తెలుసా? 92 లక్షల లక్షల కోట్లకు పైగా. రాస్తే 19 అంకెల సంఖ్య. మార్చి నెల వచ్చిందంటే అమెరికా ఆఫీసుల్లో, హాస్టళ్లలో లక్షలమంది పట్టుబట్టి ఆ కాగితం నింపుతూనే ఉంటారు.

ఇక నాగటి చాలు తిన్నగా సాగకుండా అడ్డుపడే రాళ్లున్నాయి. ఒకే కాన్ఫరెన్స్ జట్లు తొందరగా ఎదురుపడకూడదు. 2025లో బిగ్ టెన్ అనే ఒక్క కూటమి నుంచే రికార్డు స్థాయిలో 12 జట్లు వచ్చాయి. వాటిని ఎడంగా కూర్చోబెట్టడానికి కమిటీ ఎంత కుస్తీ పట్టి ఉంటుందో! బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ మత నియమం ప్రకారం ఆదివారం ఆడదు. అది టోర్నీకి వస్తే శనివారం, సోమవారం ఆటలుండే గడిలోనే దాన్ని వేయాలి. పెళ్లి భోజనాల బంతిలో ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలో చూసే పెద్దమనిషికున్నంత తలనొప్పి ఇది.

ఇల్లే సగం బలం

మగవాళ్ల టోర్నీలో మొదటి రౌండ్ నుంచీ తటస్థ వేదికలే. అమ్మాయిల టోర్నీ తీరు వేరు. ఒక్క 2021లో తప్ప, 2015 నుంచి దేశంలో మొదటి 16 స్థానాల్లో ఉన్న జట్లు, అంటే ప్రతి రీజియన్‌లో మొదటి నాలుగు సీడ్లు, తొలి రెండు రౌండ్లను సొంత కోర్టులోనే ఆడతాయి. అంతకుముందూ చాలా ఏళ్లు ఈ పద్ధతే ఉండేది, మధ్యలో కొన్నేళ్లు వేదికలను ముందే ఖాయం చేసేవారు. కాబట్టి ఇక్కడ 4కూ 5కూ తేడా ఒక్క అంకె కాదు. 4 వచ్చినవాళ్లు తమ మంచం మీద పడుకుని లేచి, తమ విద్యార్థుల కేకల మధ్య ఆడతారు. 5 వచ్చినవాళ్లు బ్యాగులు సర్దుకుని విమానం ఎక్కాలి. నా దృష్టిలో ఈ టోర్నీలో అన్నిటికన్నా లోతైన గీత అదే.

ఆ గీత ఎంత గట్టిదో ఒక వింత చెబుతుంది. 16 ఒకసారి 1ని ఓడించింది, సరే. కానీ 2025 దాకా 15వ సీడ్ 2వ సీడ్‌ను ఒక్కసారీ ఓడించలేదు. 14వ సీడ్ 3ను కూడా ఓడించలేదు. ఎక్కడమే అసాధ్యమనుకున్న శిఖరాన్ని ఒకరు ఎక్కేశారు, పక్కనున్న రెండు చిన్న కొండలు మాత్రం ఇంకా ఎవరికీ లొంగలేదు!

ఈ తేడా అప్పుడప్పుడు ఘోరంగానే ఉంటుంది. 2017లో బేలర్ 119-30తో టెక్సస్ సదరన్‌ను ఓడించింది. టోర్నీ చరిత్రలో అతి పెద్ద తేడా అదే, 89 పాయింట్లు. మరుసటి ఏడు కనెక్టికట్ 140-52తో సెయింట్ ఫ్రాన్సిస్ మీద గెలిచింది. 140 ఒక ఆటలో అత్యధిక స్కోరు. సగం ఆట అయ్యేసరికే 94! ఓడిన పిల్లలు ఆ రెండో సగం కూడా ఆడారు. నాకు వాళ్లమీదే ఎక్కువ గౌరవం.

హార్వర్డ్ కథకు మళ్లీ వస్తాను. టోర్నీ ముంగిట రోజుల తేడాలో స్టాన్‌ఫర్డ్ తన ఇద్దరు ముఖ్యమైన ఆటగత్తెలు వనెస్సా నైగార్డ్, క్రిస్టిన్ ఫోకల్‌ను మోకాలి గాయాలతో పోగొట్టుకుంది. కాగితం మీద ఉన్న 1 ఆ రోజు కోర్టులో లేదు. అటు చూస్తే 22 గెలిచి నాలుగే ఓడిన హార్వర్డ్‌కు 16 ఇవ్వడం అన్యాయం. రెండు అంకెలూ తప్పే. ఆ తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. రెండో రౌండ్‌లో హార్వర్డ్‌ను ఓడించిన ఆర్కన్సా 9వ సీడ్. 1 లేని దారిలో అది నేరుగా జాతీయ సెమీఫైనల్ దాకా, అంటే ఫైనల్ ఫోర్‌కు నడిచి వెళ్లింది. మహిళల టోర్నీలో అంత కింది సీడ్‌తో ఫైనల్ ఫోర్ చేరినవాళ్లు ఇంకెవరూ లేరు. ఒక్క ఆట తారుమారైతే ఆ గడి మొత్తం కదిలిపోతుంది.

ఊరు దాటని పదకొండో సీడ్

వేదికలను ముందే ఖాయం చేసే రోజుల్లో ఒక ముచ్చట జరిగింది. 2011లో వాషింగ్టన్ రాష్ట్రం స్పోకేన్ నగరంలోని గొంజాగా యూనివర్సిటీకి 11వ సీడ్ వచ్చింది. అయితే తొలి రెండు రౌండ్ల వేదికల్లో వాళ్ల కోర్టు ఒకటి. రీజియన్ ఆటలకు వేదిక కూడా స్పోకేనే. బస్సెక్కకుండా 6వ సీడ్ అయోవాను, 3వ సీడ్ యూసీఎల్‌ఏను, తర్వాత లూయివిల్‌ను ఓడించి చివరి ఎనిమిదిలోకి వచ్చారు. 11వ సీడ్ ఆ మెట్టు ఎక్కడం అదే మొదలు. స్టాన్‌ఫర్డ్ 83-60తో ఆపేదాకా ఊరంతా వాళ్ల వెంటే ఉంది. ఇదంతా ఇంటి బలమేనంటే మాత్రం కోర్ట్నీ వాండర్‌స్లూట్‌కు అన్యాయం చేసినట్టే. 2000 పాయింట్లు, 1000 అసిస్టులు రెండూ సాధించిన మొదటి డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) ప్లేయర్ ఆమె, మగవాళ్లను కూడా లెక్కేసుకుని.

2022లో దీనికి తలకిందులుగా జరిగింది. నార్త్ కరోలినా స్టేట్ 1వ సీడ్. ఆ రీజియన్ ఆటలు కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లో. ఆ రీజియన్‌లో 2వ సీడ్ ఎవరయ్యా అంటే కనెక్టికట్ యూనివర్సిటీయే! పెద్ద సీడ్ చిన్న సీడ్ పెరట్లో ఆడాల్సి వచ్చింది. రెండు ఓవర్‌టైమ్‌లు పట్టిన ఆ ఆటను కనెక్టికట్ 91-87తో గెలిచింది. ఎంత గొప్ప ఆటైనా, 1 సంపాదించుకున్న పిల్లలకు ఆ వేదిక న్యాయం కాదనే నేనంటాను. 2023 నుంచి నాలుగు రీజియన్లనూ రెండే నగరాల్లో ఆడిస్తున్నారు. ఆ ఏడాది గ్రీన్‌విల్, సియాటిల్. 2025లో స్పోకేన్, బర్మింగ్‌హామ్.

వేదిక నిర్ణయం ఆటతోనే ఆగదు. 2024లో గొంజాగా ఆతిథ్యంలో ఆడటానికి వచ్చిన యూటా జట్టుకు స్పోకేన్‌లో హోటల్ గదులు దొరక్క, పొరుగు రాష్ట్రం ఐడహోలోని కోర్ డలేన్‌లో బస ఇచ్చారు. అక్కడ భోజనానికి నడిచి వెళ్తున్న అమ్మాయిల మీద జాతి దూషణలు జరిగాయి. భయంతో బస మార్చుకోవాల్సి వచ్చింది. పట్టికలో ఒక పేరు పక్కన ఒక ఊరు రాసేటప్పుడు, అక్కడ పడుకోబోయే పిల్లల సంగతి కూడా చూడాలి.

కిరీటం ఎంత కిందికి దిగింది?

2025 దాకా ఛాంపియన్ అయిన అతి చిన్న సీడ్ 3. అదీ మూడుసార్లే. 1994లో నార్త్ కరోలినా: 0.7 సెకన్లు మిగిలుండగా షార్లట్ స్మిత్ విసిరిన మూడు పాయింట్ల బంతితో లూసియానా టెక్ మీద 60-59. ఆ ఆటలోనే ఆమె 23 రీబౌండ్లు తీసింది. 1997లో టెనెసీ: పది ఓటములతో వచ్చి, అప్పటిదాకా ఓటమెరుగని కనెక్టికట్‌ను రీజియన్ ఫైనల్‌లో పడగొట్టి కప్పు కొట్టింది. మరుసటి సీజన్‌లో అదే జట్టు 39 ఆడి 39 గెలిచింది. 2023లో ఎల్‌ఎస్‌యూ, అంటే లూసియానా స్టేట్ యూనివర్సిటీ: అయోవా మీద 102-85.

నలుగురు 1లూ ఫైనల్ ఫోర్ చేరినవి 2025 దాకా నాలుగే సార్లు: 1989, 2012, 2015, 2018. కమిటీ లెక్క తప్పకుండా తేలిన ఏళ్లవి. 2023లో దానికి పూర్తిగా ఎదురు. రెండో రౌండ్‌లోనే ఇద్దరు 1లు సొంత ఇంట్లో పడిపోయారు. స్టాన్‌ఫర్డ్‌ను ఓల్ మిస్ 54-49తో, ఇండియానాను మయామీ 70-68తో ఓడించాయి. అలా ఇద్దరు వెళ్లిపోవడం 1998 తర్వాత అదే.

నాణెం తేల్చిన సీడ్

సీడింగ్ ఎంత లెక్కల వ్యవహారమైనా ఒక్కోసారి చివరికి బొమ్మా బొరుసా దగ్గరికే వస్తుంది. 2025లో ఎస్‌ఈసీ కూటమిలో సౌత్ కరోలినా, టెక్సస్ రెండూ 15 గెలిచి ఒక్కటే ఓడాయి. ఒకరినొకరు ఒక్కోసారి ఓడించుకున్నారు. కూటమి టోర్నీలో టాప్ సీడ్ ఎవరికో తేల్చే దారిలేక నాణెం ఎగరేశారు. అది సౌత్ కరోలినా వైపు పడింది. ఆ టోర్నీ ఫైనల్‌లోనూ వాళ్లిద్దరే, తర్వాత జాతీయ సెమీఫైనల్‌లోనూ వాళ్లిద్దరే. ఒక సీజన్‌లో నాలుగుసార్లు. మూడు సౌత్ కరోలినావి. అయితే కప్పు మాత్రం ఎవరి లెక్కలోనూ నంబరు ఒకటి కాని కనెక్టికట్ ఎత్తుకుపోయింది. 2వ సీడ్‌గా వచ్చి, సెమీఫైనల్‌లో దేశంలోకెల్లా మొదటి స్థానం ఇచ్చిన యూసీఎల్‌ఏను 85-51తో, ఫైనల్‌లో సౌత్ కరోలినాను 82-59తో ఓడించింది. వాళ్లకది 12వ టైటిల్.

ఈ హంగంతా అమ్మాయిలకు దక్కడానికి చాలా కాలం పట్టింది. 1982లో ఎన్‌సీఏఏ మొదటి మహిళల టోర్నీ పెట్టినప్పుడు జట్లు 32. తొలి ఫైనల్‌లో లూసియానా టెక్ చేతిలో 76-62తో ఓడిన చేనీ స్టేట్ నల్లజాతి విద్యార్థుల కోసం నిలబడిన చిన్న కాలేజీ. జట్లు 64 అయింది 1994లో. మగవాళ్లు 68కి వెళ్లిన పదకొండేళ్లకు, 2022లో, వీళ్లకూ 68 వచ్చాయి. దానికి ముందటేడు టోర్నీలో అమ్మాయిలకిచ్చిన వ్యాయామశాలలో ఉన్నది ఒక చిన్న డంబెల్స్ స్టాండు. మగవాళ్లకేమో హాలు నిండా పరికరాలు. ఒరెగాన్ క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ ఫోన్‌లో ఆ వీడియో తీసి పెట్టేదాకా ఎవరికీ పట్టలేదు. ‘మార్చి మ్యాడ్‌నెస్’ అనే పేరు కూడా అప్పటిదాకా మగవాళ్ల టోర్నీ సొత్తే.

పేరు, జట్ల సంఖ్య సమానమైన ఆ మొదటి ఏడాదే, 2022లో, అయోవా 2వ సీడ్‌గా సొంత ఊరు అయోవా సిటీలో రెండో రౌండ్ ఆడింది. స్టార్ క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ ఉన్న జట్టు, హాలు కిక్కిరిసి ఉంది. ఎదురుగా 10వ సీడ్ క్రైటన్. ఆ క్రైటన్‌లో లారెన్ జెన్సెన్ అనే అమ్మాయి ఉంది. ఏడాది కిందట ఆమె ఆడింది అయోవాకే. ఈ కోర్టు, ఈ బుట్టలు ఆమెకు కొత్త కాదు. ఆఖరి సెకన్లలో బంతి ఆమె చేతికొచ్చింది. మూడు పాయింట్ల గీత అవతల నుంచి వేసింది, పడింది. క్రైటన్ 64, అయోవా 62.