వార్త కూడా అమానతే

వార్తను ప్రజలకు చేరవేయటం ఒక వృత్తి. పత్రికా విలేఖరి, ఆకాశవాణిలో వార్తలు చదివేవారు, ప్రభుత్వ పౌరసంబంధాల అధికారి, ఆసుపత్రి తరఫున మాట్లాడే వైద్యుడు, శుక్రవారం మింబర్‌పై ఖుత్బా ఇచ్చే ఖతీబు - వీరందరి చేతిలో ఉన్న సరుకు ఒక్కటే: మాట. కాలం ప్రశాంతంగా ఉన్నప్పుడు ఆ మాటలో కొంత తరుగు ఉన్నా ఎవరూ పట్టించుకోరు. రేపు ఏమవుతుందో ఎవరికీ తెలియని ఆపత్కాలంలో మాత్రం ఆ మాట మీదనే ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. అటువంటి వేళ జనం ఎవరిని నమ్ముతారు? ఎందుకు నమ్ముతారు? మన జంటనగరాల అనుభవాన్ని ఆధారంగా తీసుకొని ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

తెలంగాణలో మొదటి కోవిడ్ కేసును 2020 మార్చి 2న ప్రకటించారు. రోగికి చికిత్స జరిగినది సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో. తరువాత ఆ ఆసుపత్రే రాష్ట్రంలో కోవిడ్ చికిత్సకు ప్రధాన కేంద్రమైంది. అయితే జబ్బు కంటే ముందే వదంతి వచ్చింది. కోడిమాంసం తింటే వ్యాధి సోకుతుందన్న పుకారు వ్యాపించగా, ఫిబ్రవరి 28న రాష్ట్ర మంత్రులు హైదరాబాదులో బహిరంగ వేదికపై కోడిమాంసం తిని చూపించారు. చెప్పేవాడు తన మాటను తానే ఆచరించి చూపటం మంచి పద్ధతి.

కాని అన్ని సందర్భాలూ ఇలా సాగలేదు. మార్చి 29న అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు, కొత్త కేసులు రాకపోతే ఏప్రిల్ 7 నాటికి రాష్ట్రం కోవిడ్ నుండి విముక్తమవుతుందని అన్నారు. ఎన్నో వార్తల శీర్షికలలో "రాకపోతే" అన్న షరతు వెనుకబడి, తేదీ మాత్రం ముందుకు వచ్చింది. వ్యాధి ఆ తేదీని లెక్కచేయలేదు. అనిశ్చిత విషయానికి నిశ్చయమైన తేదీ తగిలిస్తే, ఆ తేదీ దాటిన మరునాడు చెప్పిన సత్యాన్ని కూడా జనం శంకిస్తారు. వివరాలు తక్కువగా చెప్పినా ఫలితం అదే. ఆ సంవత్సరం ప్రభుత్వ బులెటిన్లలో తగిన వివరాలు లేవని రాష్ట్ర హైకోర్టు పలుమార్లు తప్పుపట్టవలసి వచ్చింది. వివరం లేనిచోట వదంతి చేరుతుంది.

మార్చి 30న మరొక ప్రకటన వెలువడింది. ఢిల్లీలోని నిజాముద్దీన్ మర్కజ్ సమావేశాలకు వెళ్లివచ్చిన ఆరుగురు రాష్ట్రంలో మరణించారని, మిగిలినవారు అధికారులకు తెలియజేయాలని దాని సారాంశం. ఆ వార్త అవసరమైనదే. అయితే దేశంలో కొన్ని ప్రసార సాధనాలు దానిని ఒక సముదాయం మీద నేరారోపణగా మార్చివేశాయి. నిందకు గురైన మనిషి పరీక్షకు ముందుకు రావటానికి జంకుతాడు. ఆ జంకు వల్ల అతనికీ, అతని ఇంటివారికీ, ఇరుగుపొరుగుకూ నష్టమే. 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ జమాఅత్ సభ్యులపై పెట్టిన కేసులను కొట్టివేసి, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. 2021 సెప్టెంబరు 2న భారత ప్రధాన న్యాయమూర్తి ఎన్. వి. రమణ, కొన్ని ప్రసార సాధనాలు వార్తలకు మతం రంగు పులుముతున్నాయని ఆవేదన వ్యక్తం చేశారు. కాని ఈ మాటలు వచ్చేసరికి నెలలు గడచిపోయాయి. పోయిన నమ్మకం తీర్పుతో వెంటనే తిరిగిరాదు.

ఇస్లాం ఈ విషయంలో ఏమంటున్నది? దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా 6వ ఆయత్, నమ్మదగనివాడు వార్త తెస్తే ముందు విచారించుకోవాలని ఆదేశిస్తున్నది. తెలియక ఎవరికో హాని చేసి తరువాత పశ్చాత్తాపపడకుండా ఉండటానికే ఈ ఆజ్ఞ. శాంతికి గాని భయానికి గాని సంబంధించిన వార్త వినగానే చాటకుండా, తెలిసినవారి వద్దకు తీసుకుపోవాలని నిసా సూరా 83వ ఆయత్ బోధిస్తున్నది. "ఎవరు చెప్పారు? ఆయన ఎవరి వద్ద విన్నారు?" అని ప్రతి ఉల్లేఖనాన్నీ ప్రశ్నించిన హదీసువేత్తలు ఈ బోధనను ఒక శాస్త్రంగానే అభివృద్ధి చేశారు.

దైవప్రవక్త (స) జీవితంలోని ఒక సంఘటన ఇక్కడ గమనించదగినది. ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లనే గ్రహణం వచ్చిందని జనం అనుకొన్నారు. ఆ మాట ఆయన గౌరవాన్ని పెంచేదే. మౌనంగా ఉన్నా అడిగేవారు లేరు. అయినా ఆయన ఆ దుఃఖంలోనే జనం ముందుకు వచ్చి, ఎవరి మరణం వల్లగాని పుట్టుక వల్లగాని గ్రహణాలు రావని స్పష్టం చేశారు. తనకు అనుకూలమైన అబద్ధాన్ని కూడా ఖండించేవాడే అమీన్, అంటే విశ్వాసపాత్రుడు.

హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక వర్షపు దినాన, ఇండ్లలోనే నమాజు చేసుకోండని అజాన్‌లో ప్రకటింపజేశారు. వినేవారు ఆశ్చర్యపోగా, తనకంటే ఉత్తములైనవారు ఇలా చేశారని ఆధారం చూపించారు. ఆజ్ఞతోపాటు ఆధారం కూడా చెప్పటం వినేవారిని గౌరవించటమే. 2020 మే 25న మన ప్రాంతంలో ఈదుల్ ఫిత్ర్ నమాజు ఈద్గాహ్‌లలో కాక ఇండ్లలో జరిగింది. అంతటి కష్టమైన మాటను చెప్పవలసి వచ్చినప్పుడు ఉలమాకు అండగా నిలిచినవి ఇటువంటి ఉల్లేఖనాలే.

"మొన్న ఒక మాట, నేడు ఒక మాట" అని వైద్యులను నిందించేవారు సికింద్రాబాద్ చరిత్రనే గుర్తు తెచ్చుకోవాలి. మలేరియా చెడుగాలి వల్ల వస్తుందని చాలాకాలం నమ్మేవారు. 1897 ఆగస్టు 20న ఇక్కడే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవిని గుర్తించాడు. తరువాత వైద్యుల మాట మారింది, మారవలసిందే. కొత్త ఆధారం దొరికినప్పుడు మాట మార్చటం తప్పు కాదు. మార్చిన సంగతిని, అందుకు కారణాన్ని చెప్పకపోవటమే తప్పు.

కాబట్టి మాట వృత్తిగా గలవారు తెలిసినదెంత, తెలియనిదెంత విడదీసి చెప్పాలి. ఎవరి ద్వారా తెలిసిందో చెప్పాలి. షరతును శీర్షికలోనే చేర్చాలి. మళ్లీ ఎప్పుడు చెబుతారో చెప్పి, ఆ వేళకు చెప్పాలి. వ్యాధికి మతం పేరు పెట్టరాదు. మనకు వ్యతిరేకంగా పుట్టిన పుకారును ఖండించినంత గట్టిగా, మనకు అనుకూలంగా పుట్టినదానినీ ఖండించాలి.

ఈ బాధ్యత వృత్తివారితో ముగియదు. నేడు ఫోను ఉన్న ప్రతి మనిషీ వార్తాహరుడే. విన్న ప్రతి మాటనూ చెప్పుకుంటూ పోవటమే అబద్ధానికి చాలునని హదీసు హెచ్చరిస్తున్నది. మన చేతికి వచ్చిన వార్త మన సొత్తు కాదు. అది ఇతరుల అమానత్. తరుగు లేకుండా, కల్తీ లేకుండా అప్పగించటమే మన ధర్మం.