ఆఫ్ సీజన్‌లో పోర్టో: తార్నాకలో వినే మాటలు, అక్కడి సంగతులు

హైదరాబాద్‌లో తార్నాక పక్కనున్న ఉస్మానియా క్యాంపస్‌లో పొద్దున నడకకు వచ్చేవాళ్ళలో రిటైరైన ప్రొఫెసర్లుంటారు, ఐఐసీటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలుంటారు, థీసిస్ గడువు తరుముతున్న స్కాలర్లుంటారు. విదేశీ ప్రయాణం మాట వచ్చిందంటే చాలు, ఆర్ట్స్ కాలేజీ ముందు ఒక్క రౌండు పూర్తయ్యేలోగా వీసా దగ్గర్నుంచి వెల్లుల్లి కారం దాకా సలహాలు వచ్చిపడతాయి. పోర్చుగల్‌లో డోరో నది ఒడ్డునున్న పోర్టో కూడా ఆ కబుర్లలో చేరింది. ఒకరికి అక్కడ సెమినార్. ఇంకొకరి అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తోంది, చూసొస్తూ నాలుగు రోజులు అటు తిరగాలని ఉంది. జూన్, జూలై టికెట్ల ధరలు చూశాక అందరూ ఒకే మాటకొస్తారు: “ఆఫ్ సీజన్‌లో పోదాం సార్.”

మంచి ఆలోచనే. ఎండాకాలపు పోర్టోనే తగ్గింపు ధరకు ఇస్తారనుకుంటేనే చిక్కు. నవంబరు నుంచి మార్చి దాకా అక్కడ వాన వేరు, పగలు వేరు, నది తీరే వేరు. టూరిస్టులు పల్చబడి ఊరు సొంతవాళ్ళ చేతికొస్తుంది. ఆ సంగతి తెలిసి వెళ్తే జూలైలో కంటే బాగుంటుందనే నేనంటాను.

అపోహ: “దసరా సెలవులైతే ఆఫ్ సీజనే.”

సగమే నిజం. ఎగువన డోరో లోయలో ద్రాక్ష కోతలు సెప్టెంబరులో సాగుతాయి, ఆ సందడి అక్టోబరు మొదటి వారాల్లోనూ తగ్గదు. హోటళ్ళ ధరలు దిగేది నవంబరు సగం దాటాక. మళ్ళీ క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా పెరుగుతాయి. జనవరి మొదటి వారం దాటితే చవక. కార్నివాల్, ఈస్టర్ సెలవుల్లో పక్కనున్న స్పెయిన్ నుంచి కార్లు దిగుతాయి. ఈ పండుగలు మన పండుగల్లాగే ఏటా తేదీలు మారతాయి కాబట్టి, మన పంచాంగంతోపాటు వాళ్ళ క్యాలెండరూ ముందు పెట్టుకుని తేదీలు చూసుకోవాలి.

సంక్రాంతి సెలవుల్లో వెళ్తే జేబుకు హాయి, పగలు మాత్రం పొట్టి. డిసెంబరు చివర్లో అక్కడ ఇంచుమించు ఎనిమిదింటికి తెల్లవారి, ఐదుంపావుకల్లా చీకటి పడుతుంది. మనకు చలికాలంలో కూడా పదకొండు గంటల పగలు ఉంటుంది, అక్కడ తొమ్మిదింబావు. “రోజుకు ఆరు ప్లేసులు” అన్న లెక్క అక్కడ కుదరదు, మూడు రాసుకుంటే చాలు. నన్నడిగితే ఫిబ్రవరి చివరి నుంచి మార్చి సగం దాకా వెళ్ళమంటాను. ధరలింకా పెరగవు, పగలు పన్నెండు గంటలకు దగ్గరవుతుంది. యూనివర్సిటీలో ఉన్నవాళ్ళకు అదే పరీక్షల కాలం, దానికి నేనేం చేయలేను.

అపోహ: “యూరప్ వాన అంటే తుంపరే. మన వాన ముందు అదెంత?”

హైదరాబాద్‌లో ఏడాదికి పడేది సుమారు 800 మిల్లీమీటర్లు. పోర్టోలో అది 1,200 దాకా ఉంటుంది, అందులో పెద్ద భాగం అక్టోబరు నుంచి జనవరి లోపే. మన దగ్గర ఆకాశం చిల్లుపడ్డట్టు గంటసేపు కుమ్మేసి, తార్నాక చౌరస్తాను ముంచేసి పోతుంది. అక్కడ అట్లాంటిక్ మీది నుంచి వచ్చే వాన గాలితో పాటు అడ్డంగా కొడుతుంది, ఆగి ఆగి రోజంతా పడుతుంది. సికింద్రాబాద్‌లో కొన్న గొడుగు రెండో వీధి మలుపులోనే తిరగబడుతుంది. తలకు టోపీ ఉన్న రెయిన్‌కోటు, జారని అడుగున్న బూట్లు కావాలి. నది వైపు దిగే వీధులన్నీ రాతిమెట్లే, తడిస్తే జారుడుబండలే.

ఇక చలి. “జనవరిలో పగలు పద్నాలుగు డిగ్రీలు, రాత్రి ఐదు. ఢిల్లీలో ఇంతకంటే ఎక్కువ చూశాం” అంటారు. బయట అంతే, ఒప్పుకుంటాను. అసలు చలి గదిలో కొడుతుంది. పాత ఊళ్ళోని రాతి ఇళ్ళు ఎండాకాలం కోసమే కట్టినట్టుంటాయి, చాలావాటికి సెంట్రల్ హీటింగ్ ఉండదు. 2023 నాటి యూరోస్టాట్ లెక్కల్లో ఇంటిని తగినంత వెచ్చగా ఉంచుకోలేకపోతున్నామన్నవాళ్ళు పోర్చుగల్‌లో దాదాపు 21 శాతం, యూరోపియన్ యూనియన్‌లోనే అత్యధికం. నది కనబడే బాల్కనీ ఫొటో చూసి గది బుక్ చేసేవాళ్ళు ముందు హీటర్ ఉందో లేదో చూడాలి. పెద్దవాళ్ళను తీసుకెళ్తుంటే ఇది తప్పనిసరి.

అపోహ: “పోర్చుగల్ వీసా సులువట. అది తీసుకుని జర్మనీలో తిరగొచ్చు.”

పోర్చుగల్, జర్మనీ రెండింటికీ వర్తించే షెంగెన్ వీసా నిబంధన ఒకటే: ఏ దేశంలో ఎక్కువ రోజులుంటే ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అమ్మాయి దగ్గర పది రోజులు, పోర్టోలో నాలుగు రోజులైతే అది జర్మనీ వీసా. ఎక్కడ సులువన్న వాట్సాప్ వాదనకు ఇక్కడ చోటు లేదు.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందైనా పెట్టాలి. మామూలుగా పదిహేను రోజుల్లో తేలుతుంది, ఒక్కోసారి నలభై ఐదు రోజులు కూడా పట్టొచ్చు. రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు, సర్వీసు చార్జీలు దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా ఉండాలి. ఆఫ్ సీజన్ కదా, వీసా త్వరగా వచ్చేస్తుందిలే అన్న ధీమాతో తిరిగివ్వని టికెట్ కొనేయకండి. దరఖాస్తుకు రానుపోను రిజర్వేషన్ చూపిస్తే సరిపోతుంది.

సెమినార్‌కు వెళ్ళేవాళ్ళు ఒక చోట తప్పటడుగు వేస్తుంటారు. ఆహ్వాన పత్రంలో మూడు రోజులుంటాయి, వీళ్ళు ఆరు రోజులకు హోటల్ బుక్ చేస్తారు. బీమా ఏమో మూడు రోజులకే ఉంటుంది. ప్రభుత్వ సంస్థల్లో, యూనివర్సిటీల్లో పనిచేసేవాళ్ళు విదేశాలకు వెళ్ళేందుకు తీసుకునే ఎక్స్-ఇండియా లీవ్‌లో కూడా ఆ అదనపు రోజులు లేకపోతే ఫైలు మళ్ళీ మొదటికొస్తుంది. తిరగడానికి ఉండే రోజుల్ని దాచాల్సిన పని లేదు. సెమినార్ తేదీలు, తిరుగుడు తేదీలు విడివిడిగా రాసిన ఒక పేజీ కవరింగ్ లెటర్ పెట్టండి. లీవ్, బీమా, హోటల్, టికెట్ నాలుగింట్లోనూ అవే తేదీలుంటే పేచీ ఉండదు.

శంషాబాద్ నుంచి పోర్టోకు నేరుగా విమానం లేదు. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, పోర్టోలో దిగగానే పెట్టె తీసుకుని మెట్రో ఎక్కడమే. 2025 అక్టోబరు నుంచి వేలిముద్రలు, ఫొటో తీసుకునే కొత్త నమోదు పద్ధతి మొదలైంది కాబట్టి గంట వ్యవధిలో రెండో విమానం పెట్టుకోవద్దు. గల్ఫ్ మీదుగా లిస్బన్ చేరి, అక్కణ్ణుంచి మూడు గంటల రైల్లో వెళ్ళే దారీ ఉంది.

అపోహ: “ఆ పెద్ద వంతెన ఐఫెల్ కట్టింది.”

పోర్టో ఫొటో అనగానే కనిపించే రెండంతస్తుల ఇనుప వంతెన పేరు డోమ్ లూయిస్ ఒకటవ వంతెన. అది 1886లో తెరుచుకుంది. దాన్ని గీసింది తియోఫిల్ సైరిగ్. ఆయన అంతకుముందు ఐఫెల్‌కు వ్యాపార భాగస్వామి. ఇద్దరూ కలిసున్న రోజుల్లో ఐఫెల్ కంపెనీ అదే నదిపై కొంచెం ఎగువన మరియా పియా రైలు వంతెన కట్టింది, 1877లో. ఆ తర్వాత విడిపోయారు. కొత్త వంతెనకు పోటీ పెట్టినప్పుడు ఐఫెల్ ప్రతిపాదన నెగ్గలేదు, సైరిగ్ నమూనా నెగ్గింది. కట్టింది విల్లెబ్రోక్ అనే బెల్జియం కంపెనీ. మన ఆర్ట్స్ కాలేజీని గీసిన ఎర్నెస్ట్ జాస్పర్ కూడా బెల్జియం మనిషే. దాని ముందు రోజూ నడిచేవాళ్ళు పోర్టోలో గైడు ‘ఐఫెల్ వంతెన’ అన్నప్పుడు చిన్నగా నవ్వుకోవచ్చు. ప్యారిస్‌లో ఐఫెల్ టవర్ లేచింది ఈ వంతెన తర్వాత మూడేళ్ళకు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు ఆ వంతెనతో ఇంకో మేలుంది. పై అంతస్తు మీద మెట్రో నడుస్తుంది. సావో బెంతో స్టేషన్లో ఎక్కి ఒక్క స్టాపు తర్వాత జార్దిమ్ దో మోర్రోలో దిగితే, మెట్లు ఎక్కకుండానే నది మీద ఎత్తు నుంచి ఊరంతా చూడొచ్చు. ఎక్కే ముందు సావో బెంతో రైల్వే స్టేషన్ హాల్లో ఓ అరగంట గడపండి. జోర్జ్ కొలాసో గీసిన నీలిరంగు పలకలు ఇరవై వేల దాకా ఉన్నాయక్కడ. టికెట్ లేదు, వాన తగలదు.

అపోహ: “హ్యారీ పాటర్ పుట్టింది ఆ పుస్తకాల షాపులోనే.”

ఈఎఫ్ఎల్‌యూ (ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ) పిల్లలు దీన్ని గట్టిగా నమ్ముతారు. 1906లో తెరిచిన లెల్లో పుస్తకాల షాపు మధ్యలో ఎర్ర మెట్లు వంకీలు తిరుగుతూ పైకి పోతాయి. వాటిని చూసే హాగ్వర్ట్స్ రాశారని కథ. జె.కె. రౌలింగ్ 1990ల మొదట్లో పోర్టోలో ఇంగ్లిష్ పాఠాలు చెప్పిన మాట నిజం. ఆ షాపుకు తానెప్పుడూ వెళ్ళలేదని 2020లో ఆవిడే ట్విట్టర్లో తేల్చేసింది. క్యూ మాత్రం తగ్గలేదు. లోపలికి వెళ్ళాలంటే టికెట్ కొనాలి, పుస్తకం కొంటే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారు. ఆబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు గాలించేవాళ్ళకు ఆ ధరలు మింగుడుపడవు. షాపు అందంగా ఉందన్నది మాత్రం కాదనలేం. ఫిబ్రవరిలో, వారం మధ్యలో ఏదో ఒక రోజున, తెరవగానే వెళ్తే ఆ మెట్ల మీద నిలబడి ఊపిరి పీల్చుకోవచ్చు. జూలైలో ముందువాళ్ళ వీపు తప్ప ఏదీ కనిపించదు.

ఆఫ్ సీజనంటే పోర్టో యూనివర్సిటీకి చదువుల కాలం. నల్ల సూటు మీద నల్ల కేప్ వేసుకుని విద్యార్థులు గుంపులుగా వీధుల్లో తిరుగుతుంటారు. మనకు గౌను వేసుకునేది కాన్వొకేషన్ రోజే. వాళ్ళు దాన్ని వేసుకుని టీ కొట్టుకూ వెళ్తారు.

పోర్ట్ వైన్ పోర్టోలోనే తయారవుతుందన్నది చిన్న అపోహ. ద్రాక్ష తోటలు ఎగువ లోయలో ఉన్నాయి, నిల్వ చేసే గిడ్డంగులు నది అవతల విలా నోవా ద గాయాలో ఉన్నాయి. అది వేరే మున్సిపాలిటీ. తాగనివాళ్ళు కూడా అటు వెళ్ళాలి, పోర్టో బాగా కనిపించేది అవతలి గట్టు నుంచే.

అపోహ: “తిండికి ఇబ్బందేం లేదు, అన్నీ మూటగట్టుకుపోవచ్చు.”

ఇక్కడే చాలా సూట్‌కేసులు తెరుచుకుంటాయి. యూరోపియన్ యూనియన్‌కు బయటి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. నాటుకోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా అన్నీ ఇంట్లోనే వదిలేయాలి. పచ్చి కరివేపాకు కూడా కుదరదు, తాజా ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. ఎండబెట్టి పొడిలో కలిపేసిందైతే పేచీ లేదు. గోంగూర పచ్చడి, కందిపొడి, వెల్లుల్లి కారం నిశ్చింతగా పెట్టుకోండి, సీసా మూత మాత్రం టేపు వేసి బిగించండి.

అక్కడి తిండిలో మాంసాహారులకు లోటు లేదు. శాకాహారులు ఒకటి గమనించాలి. బంగాళాదుంప, ఆకుకూరతో చేసే కాల్దో వెర్ద్ సూప్ పేరు చూస్తే శాకాహారమే. వడ్డించేటప్పుడు అందులో పందిమాంసం సాసేజ్ ముక్క వేస్తారు. ముందే వద్దని చెప్పాలి. అడక్కుండానే బల్ల మీద పెట్టే బ్రెడ్డు, ఆలివ్‌లు, వెన్న ఉచితమనుకోవద్దు. ముట్టుకుంటే బిల్లులోకి ఎక్కుతాయి, వద్దంటే నవ్వుతూ తీసుకెళ్తారు. బిల్లుల మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి: పోర్టో నగర పర్యాటక పన్ను మనిషికి రాత్రికి 3 యూరోలు, ఏడు రాత్రుల దాకా. దానికి ఆఫ్ సీజన్ లేదు.

అపోహ: “వేరే ఏం లేకపోయినా నదిలో పడవెక్కితే చాలు.”

నది ఎప్పుడూ మన మాట వినదు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాద్‌ను ముంచేసిన మరుసటి ఏడాదే, 1909 డిసెంబరులో డోరో పోర్టోను ముంచింది. నీళ్ళు దాదాపు వంతెన కింది అంతస్తు దాకా లేచాయి. ఎగువన ఆనకట్టలు వచ్చాక కూడా చలికాలంలో పెద్ద వానలు పడితే పాత ఊళ్ళోని రిబైరా గట్టున ఉన్న హోటళ్ళు బల్లలు లోపలికి లాగేసుకుంటాయి. వరద ఉద్ధృతంగా ఉంటే పడవలు కదలవు. ఊళ్ళో వంతెనల కింద తిప్పే గంట పడవ ఆఫ్ సీజన్‌లో కూడా దొరుకుతుంది. లోయ దాకా వెళ్ళే రోజంతా క్రూయిజులు మాత్రం చలికాలంలో బాగా తగ్గిపోతాయి. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టే ముందు రద్దయితే తిరిగిస్తారో లేదో చదువుకోవాలి. నది సముద్రంలో కలిసే ఫోజ్ దగ్గర తుపాను హెచ్చరిక ఉన్న రోజు అలల మధ్య సెల్ఫీ కోసం గట్టు మీదికి పోవద్దు.

లోయ చూడాలంటే రైలే దారి. పోర్టో నుంచి డోరో వెంట పోసిన్యో దాకా వెళ్ళే మామూలు ప్యాసింజరు ఏడాది పొడుగునా నడుస్తుంది. పినియావ్ దాకా రెండున్నర గంటలు. చలికాలంలో ద్రాక్ష తీగలు ఆకు రాల్చి ఉంటాయి కాబట్టి కొండల్ని చెక్కి కట్టిన రాతిగట్లు వరసలు వరసలుగా బయటపడి కనిపిస్తాయి, ఎండాకాలంలో అవి పచ్చదనం కింద దాగి ఉంటాయి. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి, మొదటి గంట దాటాక నది అటే వస్తుంది. తిరుగు రైళ్ళు తక్కువ. పినియావ్‌లో దిగగానే ముందు తిరుగు రైలు టైము చూసుకుని, ఆ తర్వాతే స్టేషన్ గోడ మీది ద్రాక్షకోతల పలకల వైపు నడవండి.