మంకీ ఫీవర్: వానల్లో కాదు.. వానలు ఆగాకే పిడుదులతో అసలు ముప్పు! ఎందుకంటే..

వానాకాలం అంటే దోమలు, డెంగీ భయం. వానలు తగ్గితే 'హమ్మయ్య' అనుకుంటాం. కానీ పక్కనే ఉన్న కర్ణాటక మలెనాడు అడవుల్లో లెక్క వేరు. అక్కడ వానలు వెళ్లిపోయాకే అసలు జ్వరం మొదలవుతుంది. అదే క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్. జనం పిలిచే పేరు మంకీ ఫీవర్.

1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూర్ అడవిలో కోతులు వరుసగా చనిపోయాయి. చుట్టుపక్కల ఊళ్లలో జనమూ జ్వరాలతో మంచం పట్టారు. అలా ఈ వైరస్ బయటపడింది. దీన్ని అంటించేది పిడుదు. కొన్నిచోట్ల గోమారి అంటారు. పశువుల ఒంటికి పట్టుకుని రక్తం పీల్చే పురుగు ఇదే.

వాతావరణంతో లింకేంటి?

ఒంట్లో తేమ ఆరిపోతే పిడుదు బతకదు. అందుకే దాని బతుకంతా వాన చుట్టూనే తిరుగుతుంది. జూన్‌లో వానలు పడగానే పెద్ద పిడుదులు బయటికొచ్చి పశువులను పట్టుకుంటాయి. రక్తం తాగి కింద రాలి, తడి ఆకుల్లో గుడ్లు పెడతాయి. వానలు తగ్గాక పుట్టే పిల్లలు ఎలుకలు, పక్షులు, కోతుల రక్తం తాగుతాయి. ఆ జంతువులో వైరస్ ఉంటే పిడుదుకూ అంటుకుంటుంది.

ఆ పిల్లలే కాస్త ఎదిగి నవంబర్ నుంచి మే దాకా అడవంతా తిరుగుతాయి. మనుషులను ఎక్కువగా కుట్టేవి ఇవే. ఆవగింజంత కూడా ఉండవు, కుట్టినా తెలియదు. సరిగ్గా అదే టైమ్‌లో జనం కట్టెలకు, ఎండుటాకులకు అడవిలోకి వెళ్తారు. ఎండాకాలంలో కేసులు పెరగడానికి కారణం ఇదే. వానలు ముందుకో వెనక్కో జరిగితే ఈ ముప్పు కాలం కూడా జరగొచ్చు.

లక్షణాలు ఇవే..

కుట్టిన 3 నుంచి 8 రోజుల్లో ఉన్నట్టుండి తీవ్ర జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వాంతులు వస్తాయి. కొందరికి ముక్కు, చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది. తగ్గిందనుకున్నాక మళ్లీ తిరగబెట్టి మెదడుపై ప్రభావం చూపొచ్చు. జబ్బుపడిన ప్రతి 100 మందిలో 3 నుంచి 5 మంది ప్రాణాలు పోతాయి. దీనికంటూ ప్రత్యేక మందు లేదు. త్వరగా ఆస్పత్రికి చేరడమే కీలకం. మనిషి నుంచి మనిషికి మాత్రం అంటదు.

మన దగ్గర వినిపించే స్క్రబ్ టైఫస్ వేరు. అది చిగ్గర్ అనే మరో పురుగు కుడితే, బ్యాక్టీరియాతో వచ్చే జ్వరం.

ఏం చేయాలి?

చలికాలం, ఎండాకాలంలో జోగ్ ఫాల్స్, మలెనాడు ట్రెక్కింగ్ ప్లాన్ ఉందా? ఒళ్లంతా కప్పే బట్టలు వేసుకోండి. పురుగులను దూరం పెట్టే క్రీమ్ రాసుకోండి. ఎండుటాకుల మీద కూర్చోవద్దు. చనిపోయిన కోతి కనిపిస్తే దగ్గరికి పోవద్దు, దాని ఒంటి మీది పిడుదులు అక్కడే రాలి ఉంటాయి. తిరిగొచ్చాక వేడినీళ్లతో స్నానం చేసి, ఒళ్లంతా చూసుకోండి. పిడుదు కనిపిస్తే వేళ్లతో నలపకుండా, పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగేయండి. ఆ తర్వాత జ్వరం వస్తే.. అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి.