అత్తరును మోసే కొబ్బరినూనె

అత్తరు సీసా చేతికి తీసుకున్నవారు వాసన చూస్తారు, వెల అడుగుతారు. ఆ పరిమళాన్ని మోస్తున్న నూనె ఏమిటని అడిగేవారు అరుదు. నిజానికి అనేక సీసాలలో పరిమళం కొంతే, మిగిలినది ఆధారతైలం. కనౌజ్ బట్టీలలో తరతరాలుగా ఆ ఆధారం చందనతైలం. చందనం అరుదై వెల పెరిగిన తరువాత లిక్విడ్ పారఫిన్ ఆ స్థానంలోకి వచ్చింది. అది పెట్రోలియం నుండి తీసేది. కొందరు మాత్రం కొబ్బరి నుండి వచ్చే తైలాన్ని ఎంచుకుంటున్నారు.

కొబ్బరి అనగానే నందిగాం, టెక్కలి, పలాస ప్రాంతాలవారికి ఉద్దానం తోటలే స్ఫురిస్తాయి. అయితే మన గానుగ నూనెను నేరుగా అత్తరులో కలపడం తగదు. సుమారు 24 డిగ్రీల కంటే చల్లబడితే అది పేరుకుంటుంది. పుష్యమాసపు ఉదయాన సీసా గడ్డకట్టడం మన ఇళ్లలో చూస్తున్నదే. కొంతకాలానికి ముక్కవాసన వేస్తుంది. పైగా దాని సొంత వాసన మొగలి వంటి సున్నితమైన పరిమళాన్ని అణచివేస్తుంది.

అందువల్ల కర్మాగారాలలో కొబ్బరినూనెను విడదీస్తారు. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలు రెండూ కలిసి నూటికి సుమారు 15 పాళ్లు. ఈ రెండింటినే వేరుచేసి తిరిగి గ్లిజరిన్‌తో కలుపుతారు. అలా వచ్చే నూనెకు రంగు, వాసన దాదాపు ఉండవు. చలికి పేరుకోదు, త్వరగా చెడదు. వ్యాపారులు దీనిని ఎం.సి.టి. ఆయిల్ అంటారు. పామ్ గింజల నుండి కూడా ఇదే తయారవుతుంది కనుక, కొబ్బరిదేనా అని అడగడం కొనేవారి హక్కు.

పలాసవారికి ఒక మాట. జీడిపిక్క పెంకులోని జిడ్డురసం కూడా గింజ నుండి వచ్చినదే కదా అని ఎవరూ ఒంటికి తాకనివ్వకూడదు. అది చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. పిక్కలు ఒలిచే అక్కచెల్లెళ్ల వేళ్లే అందుకు సాక్ష్యం.

ఇచ్ఛాపురం దాటితే గంజాం తీరం. అక్కడ మొగలిపూలను డేగిశాలలో మరిగించి కేవ్డా అత్తరు తీస్తారు. పరిమళమూ, దానిని మోయగల కొబ్బరీ ఒకే తీరాన ఉన్నాయి. అయినా ఉద్దానం రైతు నేటికీ కాయను లెక్కపెట్టి అమ్ముకునేవాడే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను కూల్చిన తోటలలో తిరిగి నాటిన దేశవాళీ మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అంతటి నిరీక్షణ తరువాత వచ్చిన కాయకు నూనె, అత్తరు వంటి తదుపరి దశలలోనూ విలువ దక్కాలని కోరడం అత్యాశ కాదు.

జుమా రోజున గుస్ల్ చేసి, తలకు నూనె గానీ ఇంట ఉన్న సుగంధం గానీ రాసుకుని మస్జిద్‌కు వెళ్లేవారి ప్రస్తావన సహీహ్ బుఖారీలో ఉంది. ద్రాక్ష, ఖర్జూరాల నుండి తీయని ఆల్కహాల్ కలిసిన సెంట్ల విషయంలో సమకాలీన హనఫీ ఉలమాలో పలువురు సడలింపునిచ్చారు. అయినా జాగ్రత్త కోరేవారు అత్తరునే ఎంచుకుంటారు. వారి ఈ నమ్మకం మీదనే కొందరి వ్యాపారం సాగుతోంది. పారఫిన్ నింపి అసలైన అత్తరని అమ్మడం తక్కువ నేరం కాదు. ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని గుర్తించి, దానిని జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) ఒక వర్తకుణ్ణి నిలదీసిన సంఘటన సహీహ్ ముస్లింలో ఉంది. సీసాలోని పారఫిన్ ఆ తడి ధాన్యం వంటిదే.

కనుక కొనేటప్పుడు ఆధారతైలం పేరు అడగండి. వీలైతే బిల్లుపై రాయించుకోండి. కొత్త అత్తరును ముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి, ఒక రోజు ఆగి, ఆ తరువాతే వాడండి. పసిబిడ్డలకు రాయకండి.