కలిసి రాసే కథలో ‘కట్’ చెప్పడం ఎలా?

మన హాస్టల్లో ఇప్పుడొక కొత్త ఆట నడుస్తోంది. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి తెస్తాం. నలుగురైదుగురం చేరి తలా ఒక పాత్ర తీసుకుంటాం. ఒకడు ఫారెస్టు గార్డు, ఒకడు వేటగాడు, ఒకడు సంతలో ఉప్పు అమ్మే షావుకారు. స్టడీ అవర్ అయ్యాక నోటుబుక్కు చేతులు మారుతుంది. ఎవరి పాత్ర ఏం చేసిందో, ఏమన్నదో వాళ్లే రాయాలి. కథ ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. మజా అంతా అందులోనే ఉంది, చిక్కు కూడా అందులోనే ఉంది.

మొన్న ఒకసారి మా కథ ఆగిపోయింది. నా పాత్ర పడవ నడిపేవాడు. “వరదలో నీ పాత్ర వాళ్ల నాన్న కొట్టుకుపోతాడు, సరేనా?” అని అడిగితే “సరే” అన్నాను. రెండు పేజీలు రాశాక నావల్ల కాలేదు. మా నాన్న లేడని మీకు తెలుసు. వద్దని చెబుదామంటే మొగమాటం. “ముందు ఒప్పుకున్నావు గదా” అంటారేమోనని భయం. కడుపునొప్పి అని అబద్ధం చెప్పి నాలుగు రోజులు నోటుబుక్కు ముట్టలేదు. వాళ్లేమో నాకు పొగరనుకున్నారు. తప్పెవరిది? ఎవరిదీ కాదు. ‘వద్దు’ అనే మాటకు మా ఆటలో చోటు పెట్టుకోలేదు, అంతే.

సెలవులకు హైదరాబాదు పోయినప్పుడు మా మేనమామకు ఈ సంగతి చెప్పాను. మామ రహమత్ నగర్‌లో ఒక గదిలో అద్దెకుంటాడు. సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైంది. తర్వాత జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ సినిమావాళ్ల చోట్లయినాయి. పక్కనున్న కృష్ణానగర్, రహమత్ నగర్ ఇరుకు గల్లీల్లో మామలాంటి వాళ్లు ఎందరో ఉంటారు.

మామ నవ్వి ఇట్ల అన్నాడు: “అల్లుడా, ఫైటు తీసేటప్పుడు చెయ్యి ఎక్కడిదాకా వస్తదో షాటుకు ముందే చూపించుకుంటరు. అయినా నడిమిట్ల ‘కట్’ అంటే అందరం ఆగుడే. ఒకసారి మేడ మీదికెల్లి దుంకుతనని పొద్దున ఒప్పుకున్న. ఎక్కి కిందికి చూసినంక కాళ్లు వణికినయి. ‘మాస్టర్, నాతోని కాదు’ అన్న. ఇంకొకల్లను పెట్టిండ్రు. ఆ దినం పైసలు తక్కువచ్చినయి గని కాళ్లు దక్కినయి.”

పొద్దున మామ చెప్పిన ‘సరే’ అబద్ధం కాదు. అప్పటికి ఎత్తు తెలియదు, ఎక్కాక తెలిసింది. నేను చెప్పిన ‘సరే’ కూడా అట్లాంటిదే. తెలిశాక మనసు మారితే అది మాట తప్పడం కాదు.

హద్దులు పెడితే కథ చప్పబడుతుందని కొందరంటారు. మన అష్టావధానం చూడండి. అందులో నిషిద్ధాక్షరి అని ఒక అంశం ఉంది. అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే పృచ్ఛకుడు తర్వాత ఏ అక్షరం వాడకూడదో చెబుతాడు. అవధాని దాన్ని తప్పించుకుంటూనే పద్యం పూర్తి చేస్తాడు. సభ చప్పట్లు కొట్టేది అందుకే.

అమెరికాలో 1974లో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట వచ్చింది. కూర్చున్నవాళ్లు తలా ఒక పాత్రై కథ నడిపిస్తారు. అట్లాంటి ఆటలు ఆడేవాళ్లు కొన్ని పద్ధతులు పెట్టుకున్నారు. ఒకటి ‘గీతలు, తెరలు’. గీత అంటే ఆ విషయం కథలోకే రాకూడదు. తెర అంటే జరగవచ్చు గానీ తెర వెనక జరగాలి, వర్ణించకూడదు. ఇంకోటి జాన్ స్టావ్రోపోలస్ అనే ఆయన 2013లో చెప్పిన ఎక్స్ కార్డు. గుర్తు వేసిన కార్డును బల్ల మధ్యలో పెడతారు. ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ సంగతి కథలోంచి తీసేస్తారు. కారణం చెప్పనక్కర్లేదు.

ఇవన్నీ కలిపి మా జట్టు నోటుబుక్కు అట్ట లోపల ఇట్లా రాసుకున్నాం:

1. కథ మొదలయ్యే ముందే ఎవరి గీతలు, తెరలు వాళ్లు చెప్పాలి. నోటితో చెప్పలేనివాళ్లు చీటీ రాసి వెయ్యవచ్చు.

2. మధ్యలో కష్టమనిపిస్తే పేజీ చివర ‘కట్’ అని రాస్తే చాలు. ఎందుకని ఎవరూ అడగకూడదు, ఎగతాళి చెయ్యకూడదు.

3. ‘నాకు బాధగా ఉంది’ వేరు, ‘ఈ మలుపు నచ్చలేదు’ వేరు. మొదటిదానికి వాదన లేదు. రెండోదానికి అందరం కూర్చుని మాట్లాడుకోవాలి. ఊరికే గెలవడానికి ‘కట్’ వాడకూడదు.

4. కట్ చెప్పినవాళ్లు ఎదుటివాళ్ల పేజీలు చింపకూడదు. అందరూ ఒప్పుకున్న చివరి పేజీ దాకా వెనక్కి వెళ్లి అక్కణ్ణుంచి మళ్లీ రాయాలి. లేకుంటే ఆ పాత్రను ఊరు పంపవచ్చు.

5. పాత్ర తిడితే మనిషి తిట్టినట్టు కాదు. కానీ పాత్రను అడ్డం పెట్టుకుని నిజంగా ఒకర్ని ఏడిపించడం ఆట కాదు. అట్లాంటిది జరిగితే వార్డెన్ సారుకు చెప్పాలి. అది చాడీ కాదు.

ఇప్పుడు మా కథలో వరద వచ్చింది, పోయింది. పడవవాడి నాన్న చెట్టు పట్టుకుని బతికాడు. ఆ పేజీ రాసింది నేను కాదు, షావుకారు పాత్ర వేసినవాడు. నేనడగకుండానే రాశాడు.

కాబట్టి మిత్రులారా, కథ రాయడానికి పెన్ను ఎంత అవసరమో, ‘వద్దు’ అనే మాట కూడా అంతే అవసరం. ఎదుటివాడు ‘వద్దు’ అంటే మూతి ముడవకుండా ‘సరేరా’ అనడం ఇంకా అవసరం. ఏమంటారు?